విన్సర్ మెక్కే: కదలెడి బొమ్మల చిత్రకారుడు

పిల్లలు, పెద్దలు అను భేదము లేక నేడు ప్రపంచమంతటను చూచి ఆనందించుచున్న కదలెడి బొమ్మల చిత్రములు, అనగా యానిమేషన్ చిత్రములు, ఏ ఒక్కరి సృష్టియు కావు. ఫ్రాన్సు దేశమున ఎమిల్ రేనో, ఎమిల్ కోల్, అమెరికాలో స్టువర్ట్ బ్లాక్టన్ మున్నగువారు ఈ కళకు తొలి దినములలో పునాదులు వేసిరి. అయితే బొమ్మ కదలినంత మాత్రమున చాలదు, ఆ బొమ్మకు బరువు, ఊపిరి, అలుక, ఆకలి యుండవలెనని గ్రహించి, కాగితము మీది గీతకు ప్రాణము పోసినవారిలో అగ్రగణ్యుడు విన్సర్ మెక్కే. ఆయన తీసిన చలనచిత్రములలో ఒక్కటియు ఆయన ఉద్యోగధర్మములో చేరినది కాదు. పగలు పత్రికాలయమున యజమాని కోరిన బొమ్మలు గీసి, మిగిలిన వేళలలో ఇంటియొద్ద కూర్చుండి వాని నన్నిటిని గీసికొనెను. ఉద్యోగము చేయుచు కళను కాపాడుకొనదలచిన వారికి ఆయన జీవితము ఉత్సాహమును గూర్చును, హెచ్చరికయు నగును.

మెక్కే 1860ల చివరి భాగమున జన్మించి, మిషిగన్ రాష్ట్రములోని స్ప్రింగ్ లేక్ అను చిన్న ఊర పెరిగెను. అది కలపకోత మిల్లుల ఊరు. తల్లిదండ్రులు ఆయనకు జీనస్ విన్సర్ అని పేరు పెట్టిరి. అది తండ్రికి పని యిచ్చిన యజమాని పేరు. తరువాత ఆయన మొదటి పేరును విడిచి రెండవ దానినే ఉంచుకొనెను.

పసితనముననే ఆయనకు బొమ్మల పిచ్చి పట్టెను. ఎదుట గోడ యున్న గోడ మీద, పలక యున్న పలక మీద గీయుచుండెడివాడు. ఒకరు మెచ్చుకొనవలెనని గాని, గీసినదానిని దాచుకొనవలెనని గాని తలంపు లేదు. ఒకసారి చూచిన వస్తువును మనస్సులో నిలుపుకొని, తరువాత దానిని ఎదుట నుంచుకొనకయే సర్వాంగములతో గీయగల జ్ఞాపకశక్తి ఆయనకు అలవడెను. 1880లో మిషిగన్ సరస్సున ఆల్పీనా అను పొగఓడ తుఫానులో మునిగిపోయినపుడు, బాలుడైన మెక్కే ఆ దృశ్యమును పాఠశాలలోని నల్లబల్ల మీద సుద్దముక్కతో గీసెననియు, దానిని ఛాయాచిత్రము తీసి అమ్మిరనియు చెప్పుదురు. మునిగిపోవు ఓడ ఆయన జీవితమున మరియొకసారి కనబడును.

కుమారుడు బొమ్మలు గీసి బ్రతుకుననుట తండ్రికి నమ్మకము కలిగింపలేదు. అందుచేత లెక్కలు, వ్యాపారము నేర్చుకొనుమని ఇప్సిలాంటి పట్టణములోని ఒక వాణిజ్య కళాశాలకు పంపెను. కొడుకు ఆ తరగతులకు పోవుట అరుదు. రైలెక్కి డిట్రాయిట్ నగరమునకు పోయి, వండర్‌లాండ్ అను వినోదశాలలో వచ్చినవారి ముఖచిత్రములు గీసి, బొమ్మకు 25 సెంట్ల చొప్పున సంపాదించుచుండెను. జనము చుట్టును మూగి చూచుచుండగా తడబడక వేగముగ గీయుట ఆయనకు అచటనే అలవాటైనది.

ఇప్సిలాంటిలోనే ఆయనకు జాన్ గుడిసన్ అను గురువు లభించెను. ఉపాధ్యాయశిక్షణ కళాశాలలో చిత్రలేఖనము బోధించు ఈయన, పూర్వము అద్దములకు రంగులు వేయు పని చేసినవాడు. దూరమున నున్న వస్తువు చిన్నదిగను, దగ్గర నున్నది పెద్దదిగను కనబడుటలో గల నియమములను ఆయన శిష్యునిచే పదేపదే సాధన చేయించెను. మెక్కేకు లభించిన క్రమశిక్షణ ఇంతియే. తరువాతి కాలమున ఆయన గీసిన మహాసౌధములు, అంతులేని స్తంభపంక్తులు, నింగి నంటు నగరవీధులు చూచినవారికి, ఆ కొద్దిపాటి చదువు ఎంత గట్టి పునాది యైనదో తెలియగలదు.

1889లో ఆయన షికాగో చేరి, ఒక ముద్రణాలయమున సర్కసు ప్రకటనచిత్రములు గీయు పనిలో కుదిరెను. 1891లో సిన్సినాటి నగరమునకు వచ్చి, అచటి వినోదశాలకు ప్రకటనలు, తెరలు వ్రాయసాగెను. వింతజంతువులు, మరుగుజ్జులు, మహాకాయులు, ఆకారమును సాగదీసి చూపు వంకర అద్దములు నిత్యము ఆయన కంట బడుచుండెడివి. ఆ నగరముననే మోడ్ డ్యూఫోర్ అను యువతిని వివాహమాడెను. వారికి రాబర్టు అను కుమారుడు, మారియన్ అను కుమార్తె కలిగిరి. కుటుంబభారము పెరిగిన పిమ్మట ఆయన పత్రికలలో చిత్రకారుడుగా చేరెను. 1903లో అడవి పిల్లల కథ యొకటి వారము వారము బొమ్మలతో ప్రకటించెను. ఆఫ్రికా జాతులవారిని వికృతముగ, హేళనగ చూపు దురాచారము ఆనాటి అమెరికా పత్రికలలో విరివిగ నుండెను. మెక్కే కూడ దానికి అతీతుడు కాలేదు. ఆయన ప్రతిభను మెచ్చుకొనునపుడు ఈ లోపమును మరుగుపరచుట న్యాయము కాదు.

అదే సంవత్సరమున న్యూయార్క్ హెరాల్డ్ పత్రిక ఆయనను పిలిపించుకొనెను. 1904లో రెండు బొమ్మల కథలు వెలువడెను. ఒకదానిలో ఒక బాలుడు ప్రతివారమును పెద్ద తుమ్ము తుమ్మి సర్వమును తలక్రిందులు చేయును. రెండవదానిలో, రాత్రి కరగించిన జున్ను రొట్టెతో తిని పండుకొన్నవారికి పీడకలలు వచ్చును. 1905 అక్టోబరు 15వ తేదీన ఆయన ప్రసిద్ధ రచన లిటిల్ నీమో ప్రారంభమైనది. నీమో యను పసివాడు ప్రతిరాత్రియు స్వప్నలోకమునకు బయలుదేరును. కథ చివరి గడిలో పడక మీదనుండి క్రిందపడి మేల్కొనును. ఆ బాలునకు పోలిక తన కుమారుడు రాబర్టే. ఆదివారపు పత్రికలో ఒక పూర్తి పుట నిండ రంగులతో వచ్చు ఈ కథలో, మంచము కాళ్లు సాగి వీధులవెంట నడచిపోవును, ఇండ్లు కదలును, ఏనుగు గడి గడికి పెరుగుచు పుటనెల్ల ఆక్రమించును. కదలికను చూపవలెనను కోరిక ఆయనలో ఎంత బలపడినదో ఈ పుటలే చెప్పుచున్నవి.

ఈ కాలమున ఆయన దినచర్య ఊహించిననే ఆశ్చర్యము కలుగును. ఒకే కాలమున మూడు నాలుగు బొమ్మల కథలు నడపుచు, వానికి తోడు ఇతర పత్రికాచిత్రములు గీయుచుండెను. వారపు గడువు తప్పుటకు వీలులేదు. బల్ల ముందు కోటు, టోపీ ధరించియే కూర్చుండి గీయుచున్నట్లు ఆయన ఛాయాచిత్రములలో కనబడును. సాధన యనగా ఆయనకు ప్రత్యేకముగ కేటాయించిన వేళ కాదు. జీవనోపాధియే సాధన. ప్రతిదినము, మనసున్నను లేకున్నను, గీయుచునే యుండుటవలన ఆయన చేయి మనస్సుతో సమానవేగమున నడచుట నేర్చెను. తాను గీయకుండ ఉండలేననియు, చిన్ననాటినుండి గీయవలెనను కోరికయే తన్ను నడపినదనియు ఆయన పలుమారు చెప్పుచుండెడివాడు.

1906లో మరియొక వ్యాపకము తోడైనది. ఆనాటి అమెరికాలో పాటలు, గారడీలు, హాస్యములు, జంతువుల ఆటలు కలగలిపి ప్రదర్శించు వాడెవిల్ రంగస్థలములు ప్రజాదరణ పొందియుండెను. వారమునకు 500 డాలర్ల పారితోషికముపై మెక్కే అందు ప్రవేశించెను. వాద్యములు మ్రోగుచుండ, నల్లబల్ల ముందు నిలిచి సుద్దతో 15 నిమిషములలో 25 బొమ్మలు గీసెడివాడు. ఒక స్త్రీ ముఖమును, ఒక పురుషుని ముఖమును శైశవమునుండి వార్ధక్యము వరకు మార్చుకొనుచు పోవుట ప్రేక్షకులను మిక్కిలి ఆకర్షించెడిది. ఒక రేఖను చెరిపి వేరొక రేఖ చేర్చినంతనే వయస్సు గడచుట చూచిన జనులకు, బొమ్మ కండ్లయెదుట జీవించుచున్నట్లే తోచెడిది. ఇక బొమ్మను నిజముగనే కదలించుటకు ఒక అడుగు మాత్రమే మిగిలెను.

ఆ అడుగు వేయించినవాడు కుమారుడు రాబర్టు. వ్రేలితో పుటలను చకచక విడిచినచో బొమ్మ కదలినట్లు కనబడు చిన్న పుస్తకములను అతడు ఇంటికి తెచ్చెననియు, వానిని చూచియే తనకు ఈ ఆలోచన కలిగెననియు మెక్కే చెప్పెడివాడు. మన తోలుబొమ్మలాటలో ఒకే బొమ్మను కర్రలతో ఆడింతురు. ఈ పద్ధతి అట్టిది కాదు. ప్రతి కదలికకును వేరొక బొమ్మ కావలయును. మెక్కే తన లెక్కను సెకనుకు 16 బొమ్మల చొప్పున వేసికొనెను. అనగా ఒక్క నిమిషమునకు 960 బొమ్మలు. మొదటి చిత్రమైన లిటిల్ నీమోకు ఆయన పలుచని బియ్యపు కాగితముల మీద సుమారు 4,000 బొమ్మలు సిరాతో గీసెను. వానిని అట్టలకు అంటించి, ఒకదాని మీద మరియొకటి సరిగ కూర్చుండునట్లు గుర్తులు పెట్టి, చేతితో త్రిప్పు యంత్రములో ఆడించి పరీక్షించుకొనెను. స్టువర్ట్ బ్లాక్టన్ గారి వైటాగ్రాఫ్ సంస్థలో దానిని కెమెరాతో తీసిరి. 1911 ఏప్రిలులో అది ప్రజలయెదుటకు వచ్చెను. మరుసటి సంవత్సరము, నిద్రించు మనుష్యుని రక్తము త్రాగి త్రాగి ఉబ్బి పగిలిపోవు దోమ కథను సుమారు 6,000 బొమ్మలతో తీసెను. కొందరు ప్రేక్షకులు ఈ బొమ్మలను తీగలతో లాగుచున్నారనియు, మనుష్యులే వేషములు వేసికొన్నారనియు అనుమానించిరట. ఆ అనుమానమును తీర్చుటకు, ప్రపంచమున ఎచటను బ్రతికిలేని జంతువును ఎన్నుకొనవలెనని ఆయన నిశ్చయించుకొనెను.

అట్లు పుట్టినది గెర్టీ యను డైనోసారు. దీనికి సుమారు 10,000 బొమ్మలు కావలసివచ్చెను. వెనుకనున్న కొండలు, చెట్లు, నీరు ప్రతి కాగితము మీదను మరల మరల గీయవలసియుండెను. ఆ పనికి జాన్ ఫిట్జ్‌సిమన్స్ అను పొరుగింటి యువకుడు తోడుపడెను. జంతువును మాత్రము మెక్కే స్వయముగ గీసెను. ఇచట ఆయన కనుగొన్న ఉపాయము గొప్పది. ఒకటవ బొమ్మనుండి వరుసగ గీయుచు పోయినచో కదలిక దారి తప్పును. అందుచేత ముందుగ ముఖ్యమైన భంగిమలను గీసి, తరువాత వాని నడుమ రావలసినదానిని, మరల ఆ రెంటి నడుమ రావలసినదానిని పూరించుకొనుచు పోయెను. నేటికిని యానిమేషన్ చిత్రకారులు పాటించు మూలసూత్రములలో ఇది యొకటి. ఊగుట, ఊపిరి పీల్చుట వంటి కదలికల బొమ్మలను మరల మరల వాడుకొని శ్రమ తగ్గించుకొనెను. గెర్టీ నిలువబడి ఊపిరి తీయుటకు ఎంతసేపు పట్టవలెనో తేల్చుకొనుటకు, ఆయన గడియారము ముందుంచుకొని తానే ఆ మహాజంతువువలె ఊపిరి పీల్చి విడిచి లెక్కించెనని ఫిట్జ్‌సిమన్స్ చెప్పెను.

1914 ఫిబ్రవరి 8వ తేదీన షికాగో నగరములోని ప్యాలెస్ థియేటరులో గెర్టీ ప్రథమ ప్రదర్శనము జరిగెను. మెక్కే కొరడా చేతబట్టి తెర ప్రక్కన నిలిచెను. పిలువగానే గుహలోనుండి గెర్టీ తొంగిచూచెను, కాలెత్తుమనిన ఎత్తెను, మాట విననందుకు మందలించిన పసిపాపవలె కన్నీరు కార్చెను. ఆయన పండును విసరినట్లు నటింపగా, తెరమీద గెర్టీ నోట అందుకొనెను. చివరకు మెక్కే తెర వెనుకకు పోగా, ఆ మరుక్షణమే బొమ్మ మెక్కే తెరమీద ప్రత్యక్షమై గెర్టీ వీపు మీద ఎక్కి వెడలిపోయెను. అంతకు ముందు బొమ్మలు కదలినవి. గెర్టీ మాత్రము ఆలోచించినట్లును, సిగ్గుపడినట్లును, మొండికెత్తినట్లును తోచెను. గీతలకు స్వభావము కలిగినది.

ఆయన తన పద్ధతులను రహస్యముగ దాచుకొనలేదు. పేటెంటు తీసికొనుమని చెప్పినను అంగీకరింపలేదు. ఈ కళ ఎవరైనను నేర్చుకొనదగినదే యని ఆయన మతము. గెర్టీ తయారగుచున్న దినములలో, పత్రికకు వ్యాసము వ్రాయుచున్నానని చెప్పుకొని యొకడు వచ్చి సమస్తమును అడిగి తెలిసికొని పోయెనట. ఆ వచ్చినవాడు జాన్ బ్రే యని చరిత్రకారులు వ్రాయుదురు. బ్రే ఆ పద్ధతులపై పేటెంట్లు పొంది, తిరిగి మెక్కే మీదనే వ్యాజ్యము వేసెను. వ్యాజ్యము మెక్కే పక్షముననే తేలి, బ్రే ఆయనకు కొంతకాలము రుసుము చెల్లింపవలసివచ్చెను.

ఇంతకంటె పెద్ద చిక్కు ఉద్యోగమునుండియే వచ్చినది. 1911లో ఆయన హెరాల్డును విడిచి, అధిక వేతనముపై విలియం రాండాల్ఫ్ హెర్స్ట్ పత్రికలలో చేరియుండెను. హెర్స్ట్ ధనికుడు, అధికారప్రియుడు. వేలకు వేలు జీతమిచ్చి తెచ్చుకొన్న చిత్రకారుడు ఊరూర రంగస్థలమెక్కుట ఆయనకు రుచింపలేదు. ప్రదర్శనములను న్యూయార్క్ నగరప్రాంతమునకు పరిమితము చేసెను. బొమ్మల కథలు మాని, సంపాదకుడు ఆర్థర్ బ్రిస్బేన్ వ్రాయు సంపాదకీయములకు చిత్రములు గీయుమని ఆజ్ఞయైనది. దురాశ, సోమరితనము, యుద్ధము, కాలచక్రము మున్నగు విషయములపై ఇంకొకరి అభిప్రాయములకు బొమ్మలు గీయుట ఆయన నిత్యకృత్యమైనది. అందును ఆయన గీత లోపము లేనిదే. వేలకొలది సన్ననిగీతలతో నింపిన ఆ చిత్రములు చూడముచ్చటగ నుండును. కాని అవి ఆయన కలలు కావు. ఉద్యోగము మానుటకు సాహసింపలేదు. ఇంటిఖర్చులు అధికము; జీతము ఘనము. ఆజ్ఞను పాటించుచునే, రాత్రులు తన పని తాను చేసికొనెను.

1915 మే 7వ తేదీన ఐర్లండు తీరసమీపమున లూసిటానియా యను ప్రయాణికుల ఓడను జర్మను జలాంతర్గామి ముంచివేసెను. 1,198 మంది మరణించిరి. అమెరికా యుద్ధమున చేరరాదని వాదించునవి హెర్స్ట్ పత్రికలు. వానికై బొమ్మలు గీయుట మెక్కే విధి. కాని ఆ ఘోరమును గూర్చి ఆయన మనస్సు వేరుగ చెప్పినది. పత్రికలో చెప్పుటకు వీలులేని దానిని తెరమీద చెప్పదలచి, స్వంత ధనముతో, విశ్రాంతివేళలలో, మిత్రులు ఫిట్జ్‌సిమన్స్, ఆప్తార్ప్ ఆడమ్స్ అనువారి సహాయముతో పనికి పూనుకొనెను. ఈసారి పారదర్శకమైన సెల్యులాయిడ్ పలకల మీద గీసిరి. సుమారు 25,000 బొమ్మలు, దాదాపు రెండేండ్ల శ్రమ. పండ్రెండు నిమిషముల ఆ చిత్రము 1918 జూలైలో విడుదలయైనది. అప్పటికే అమెరికా యుద్ధమున చేరియుండుటచే, ప్రజాభిప్రాయమును మార్చుటకు అది ఆలస్యమైనదే. అయినను పొగ కమ్మిన ఆకాశము, ఒరిగిపోవు ఓడ, చీమలవలె జారిపడు మనుష్యులు, శిశువును నీటిపైకెత్తి మునిగిపోవు తల్లి వీనిని చూచినవారు, బొమ్మ నవ్వించుటకే గాక దుఃఖించుటకును తగినదని తెలిసికొనిరి. బాల్యమున నల్లబల్ల మీద గీసిన మునిగెడి ఓడ ఇచట మహాకావ్యమైనది.

తరువాత మరికొన్ని చిన్న చిత్రములు తీసి, 1921 అనంతరము ఆయన యానిమేషన్‌కు దూరమైపోయెను. 1924లో హెర్స్ట్‌ను విడిచి, హెరాల్డ్ ట్రిబ్యూన్ పత్రికలో నీమోను మరల ప్రారంభించెను గాని, కాలము మారిపోయి, పూర్వపు ఆదరణ లభింపలేదు. 1926 చివర అది ఆగిపోగా, పత్రికవారు నీమోపై హక్కులను ఒక్క డాలరుకు ఆయనకే వ్రాసియిచ్చిరి. మరల హెర్స్ట్ కొలువులోనికే పోయెను. 1927లో న్యూయార్క్‌లోని యానిమేషన్ చిత్రకారులు ఆయన గౌరవార్థము విందు చేసిరి. పొగడ్తలు ముగిసిన పిమ్మట లేచిన మెక్కే, తాను కళగా అప్పగించిన దానిని వారు వ్యాపారముగ మార్చిరని నిష్ఠురముగ పలికి కూర్చుండెను. సభ మిన్నకుండెను.

ఆ నిష్ఠురము పూర్తిగ న్యాయమేనా యని ఆలోచింపవలసియున్నది. పదిమంది చేతులు కలిపి పంచుకొన్నగాని, వారమున కొక చిత్రమును కోరు థియేటర్లకు ఈ కళ సరఫరా కాదు. ప్రతి గీతను తానే గీయవలెనను పట్టుదలతో మెక్కే శాల నెలకొల్పలేదు, శిష్యులను తయారుచేయలేదు. ఆయన కట్టడిలో యజమాని పాత్ర యెంతయో, ఆయన స్వభావము పాత్రయు అంతయే. కాని తొందరపాటుతో, చౌకగ, ప్రాణము లేక తయారగుచున్న ఆనాటి బొమ్మలను చూచి, ఊపిరిని గడియారముతో లెక్కించిన మనుష్యుడు బాధపడకుండుట ఎట్లు?

1934 జూలై 26వ తేదీన ఆయన తలనొప్పి యని భార్యతో చెప్పెను. కొలది సేపటికే కుడిచేయి చచ్చుబడెను. ఏబదియేండ్లుగ విశ్రాంతి యెరుగని ఆ చేయి కదలకుండుట చూచి ఆయన భయకంపితుడయ్యెను. స్పృహ తప్పి, ఆ సాయంకాలముననే పరమపదించెను. బ్రూక్లిన్‌లోని ఎవర్‌గ్రీన్స్ శ్మశానవాటికలో సమాధి చేసిరి.

ఆయన చిత్రముల ఫిల్ము నైట్రేటుతో చేసినదగుటచే, సరియైన రక్షణ లేక చాలభాగము చెడిపోయెను. మిగిలినవానిని 1947 ప్రాంతమున మిత్రులు, అభిమానులు వెదకి కాపాడిరి. 1955లో వాల్ట్ డిస్నీ తన టెలివిజన్ కార్యక్రమమున గెర్టీ ప్రదర్శనమును మరల ఆడించి చూపి, మెక్కే ఋణమును ప్రజలయెదుట తెలియపరచెను. అందుకు రాబర్టు తోడ్పడెను. అమెరికా జాతీయ చలనచిత్ర పట్టికలో గెర్టీకి 1991లోను, లిటిల్ నీమోకు 2009లోను, లూసిటానియా చిత్రమునకు 2017లోను స్థానము లభించెను. మన దేశమున కేంద్రప్రభుత్వపు ఫిలిమ్స్ డివిజన్ 1956లో బొంబాయియందు కార్టూన్ చిత్రశాఖను నెలకొల్పినపుడు, శిక్షణ నిచ్చుటకు వచ్చిన క్లెయిర్ వీక్స్ డిస్నీ సంస్థలో పనిచేసినవాడే. జాతకకథ ఆధారముగ 1957లో ఆ శాఖవారు తీసిన బన్యన్ డీర్ చిత్రములో లేళ్లు పరుగెత్తునపుడు, వాని కాళ్లలో గెర్టీ అడుగుల జాడ కొంత కలదనుట అతిశయోక్తి కాదు.

మెక్కే సంపాదించిన ధనము నిలువలేదు. ఆయన యజమాని ఆజ్ఞలు ఆయనతోనే పోయినవి. సంపాదకీయములకు గీసిన వేల బొమ్మలను నేడు పరిశోధకులు తప్ప చూచువారు లేరు. కార్యాలయము తలుపులు మూసిన పిమ్మట, ఎవరును కోరక, ఎవరును జీతమీయక, దీపము వెలుగున గీసికొన్న కొలది నిమిషముల బొమ్మలు మాత్రము శతాబ్దము దాటినను ఊపిరి తీయుచున్నవి. ఉద్యోగికి మిగులు సాయంకాలపు గంట రెండు గంటలు చిన్నవిగ తోచవచ్చును. వానిని ఇష్టమైన పనికి నిత్యము వినియోగించినచో ఎంత పెద్దవి కాగలవో చూపుటకు విన్సర్ మెక్కే జీవితము నిదర్శనము.